తలుపునొద్ద నిలిచిన స్త్రీ: ఫ్యానీ లూ హేమర్



సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను పెద్దల యెదుటను నిలిచిన సంగతి మీరు చదివియుందురు. వారి తండ్రికి కుమారులు లేరు. స్వాస్థ్యము కుమారులకే చెందుచుండెను గనుక ఆ యింటి పేరు మాసిపోవలసియుండెను. ఆ స్త్రీలు ఇంటిలో కూర్చుండి యేడ్వలేదు, ఎవరితోను పోరాడలేదు. సమాజము కూడియున్న చోటికే వచ్చి, ఆ వాడుకవలన తమకు కలుగు నష్టమును వివరించిరి. మోషే ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. నియమము మారెను.

ఈ నెల మీకు అట్టి మరియొక స్త్రీ జీవితమును చెప్పదలచితిని. ఆమె అమెరికా దేశములో పత్తిచేలలో కూలిచేసిన విశ్వాసురాలు, 1977లో ప్రభువునందు నిద్రించినది. ఆమె నిలిచిన ద్వారము గుడారపు ద్వారము కాదు, ఒక రాజకీయ పార్టీ మహాసభ ద్వారము. లోపల ఎవరు కూర్చుండవలెనని కొన్ని నియమములుండెను. ఆ నియమములు ఎవరి చేతిలోనున్నవో, ఎవరిని బయట నుంచుటకు వాడబడుచున్నవో ఆమె లోకమునకు చూపెను.

ఫ్యానీ లూ 1917వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన మిస్సిసిపీ రాష్ట్రమందు మాంట్‌గోమరీ కౌంటీలో జన్మించెను. కౌంటీ యనగా మన తాలూకా వంటిది. జేమ్స్ లీ టౌన్సెండ్, ఎల్లా దంపతులకు ఇరువదిమంది బిడ్డలు. ఈమె కడసారపు బిడ్డ. తండ్రి పొలము పనితోకూడ బాప్తిస్టు బోధకుడుగా నుండెను. ఆమెకు రెండేండ్లప్పుడు కుటుంబము సన్‌ఫ్లవర్ కౌంటీకి తరలిపోయి అక్కడ సంగోరుకు సేద్యము చేయుచుండెను. పొలము కామందుది, కష్టము వీరిది, పంట చెరిసగమని మాట. గాని విత్తనములు, ఎరువు, తిండిగింజలు సమస్తము కామందు కొట్టునుండి అప్పు తెచ్చుకొనవలెను. లెక్కల పుస్తకము కామందు చేతిలోనుండును. ఏడాది చివర లెక్క చూచుకొనగా మిగులునది అప్పే. మన గ్రామములలోని పెద్దలకు ఈ సంగతి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఆమెకు ఆరేండ్లున్నప్పుడు కామందు ఒకనాడు ఆ దారిన వచ్చి, వారములో 30 పౌండ్ల పత్తి తీసినయెడల కొట్టులోని తినుబండారములు ఇప్పింతునని ఆశ చూపెను. పిల్ల సంతోషముతో తీసెను. మరుసటి వారము 60 పౌండ్లు తీయవలసి వచ్చెను. ఆ విధముగా మెడమీదికి వచ్చిన కాడి మరల దిగలేదు. పదమూడేండ్ల ప్రాయమునకు దినమునకు 200 మొదలు 300 పౌండ్ల వరకు తీయుచుండెను. చిన్నతనమున వచ్చిన పోలియోవలన ఆమె నడక కుంటు. చేలలో పని లేని కొలది నెలలు మాత్రమే నల్లజాతి పిల్లలకు బడి తెరచెడివారు. ఆ కొలది చదువుతోనే ఆమె బైబిలు బాగుగా చదువ నేర్చెను. పన్నెండేండ్లు వచ్చుసరికి బడి ముగిసెను.

ఒక ఏడు తండ్రి కొంత పైకము కూడబెట్టి, కంచరగాడిదలను ఆవులను సేద్యపు పనిముట్లను కొనెను. ఇక సంగోరు విడిచి సొంతముగా చేసికొందమని ఆ యింటివారు సంతోషించుచుండగా ఒక రాత్రి ఎవరో మేతలో విషము కలిపిరి. పశువులన్నియు చచ్చెను. ఆ కుటుంబము మరల కోలుకొనలేదు.

పెద్దదైన తరువాత 1940ల నడుమ ఆమె పెరీ హేమర్ అను ట్రాక్టరు తోలు మనుష్యుని పెండ్లాడి, రూల్‌విల్ ఊరి సమీపమున ఒక పెద్ద పత్తి తోటలో 18 సంవత్సరములు పనిచేసెను. చదువ వ్రాయ తెలిసినది గనుక కూలీల లెక్కలు వ్రాయు పని ఆమెకు అప్పగించిరి. 1961లో చిన్న గడ్డ తీయుటకని ఆస్పత్రికి వెళ్లగా, ఆమెను అడుగకయే, ఆమెకు చెప్పకయే గర్భసంచిని తీసివేసిరి. అప్పటి ఆ ప్రాంతములో బీద నల్లజాతి స్త్రీలకు ఇట్లు జరుగుట అరుదు కాదు. ఆ దంపతులు ఇతరుల బిడ్డలను తెచ్చి పెంచుకొనిరి.

1962 ఆగస్టు నెలలో రూల్‌విల్‌లోని విలియమ్స్ చాపెల్ అను బాప్తిస్టు గుడిలో ఒక కూడిక జరిగెను. వోటరుగా పేరు వ్రాయించుకొను హక్కు నల్లజాతివారికి కలదని అక్కడ యువకులు కొందరు చెప్పిరి. ఫ్యానీ లూకు అప్పుడు 44 సంవత్సరములు. అట్టి హక్కు తనకు కలదని ఆమె అంతవరకు వినియుండలేదు. ఎవరెవరు వచ్చెదరని అడుగగా చేయి యెత్తినవారిలో ఆమె యొకతె.

ఆగస్టు 31న 18 మంది కలిసి పాత బస్సులో 26 మైళ్ల దూరమందున్న ఇండియానోలా కచేరీకి వెళ్లిరి. అక్కడ రిజిస్ట్రారు రాష్ట్ర రాజ్యాంగములోని ఒక భాగమును చూపి, ఎత్తి వ్రాసి అర్థము చెప్పుమనెను. న్యాయవాదులకే తికమకయగు చట్టపు ముక్క అది. పత్తి తీయు స్త్రీకి అది యెట్లు తెలియును? తెల్లవారు వచ్చినప్పుడు సులభమైన ముక్క నిచ్చి పంపుటయు, నల్లవారు వచ్చినప్పుడు కఠినమైనది తీయుటయు రిజిస్ట్రారు యిష్టము. పరీక్ష తప్పిరి. తిరిగి వచ్చుచుండగా పోలీసులు బస్సును ఆపి, దాని రంగు మిక్కిలి పసుపుగా నున్నదని జుల్మానా వేసిరి. ఇది హాస్యము కాదు, జరిగిన సంగతి. చీకటిలో భయపడి కూర్చున్న ఆ జనము నడుమ ఫ్యానీ లూ గుడిలో పాడు పాటలను ఎత్తుకొనెను, తక్కినవారు అందుకొనిరి.

ఇంటికి చేరునప్పటికే కామందుకు వార్త అందియుండెను. దరఖాస్తు వెనుకకు తీసికొనుము, లేదా తోట విడిచి పొమ్మని ఆయన చెప్పెను. తన కొరకు తాను వెళ్లితినే గాని ఆయన కొరకు కాదని ఆమె ఉత్తరమిచ్చి, ఆ రాత్రియే ఇల్లు విడిచెను. పంట ముగియువరకు భర్త అక్కడనే యుండవలసి వచ్చెను. సెప్టెంబరు 10న ఆమె తలదాచుకొనిన యింటిలోనికి ఎవరో 16 మారులు తుపాకి కాల్చిరి. ఆ రాత్రి ఆమె అక్కడ లేదు.

డిసెంబరులో మరల వెళ్లి పరీక్ష వ్రాసెను. 1963 జనవరిలో ఆమె పేరు వోటరుల జాబితాలో చేరెను. అయినను వోటు వేయబోగా, రెండేండ్ల తలపన్ను రసీదులు లేవని త్రిప్పి పంపిరి. ఒక తలుపు తెరచిన వెంటనే దాని వెనుక మరియొక తలుపు. ఈ కథ అంతయు ఇట్లే నడచును గనుక పాఠకులు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఆ యేడు జూన్ 9న దక్షిణ కరోలినాలో జరిగిన ఒక శిక్షణ కూటమునుండి తిరిగి వచ్చుచు వినోనా ఊరి బస్సుస్టాండులో ఆమెయు సహవాసులును పట్టుబడిరి. చెరసాలలో పోలీసులు తాము కొట్టుట చాలక, ఇద్దరు నల్లజాతి ఖైదీలచేత ఆమెను తోలు దండముతో కొట్టించిరి. ఆ దెబ్బలవలన మూత్రపిండము చెడెను, ఒక కన్ను చూపు తగ్గెను. చనిపోవువరకు ఆ బాధ విడువలేదు. ఆ చెరలో ఆమె పాటలు పాడెననియు, కాపరి భార్యతో వాక్యమును గూర్చి మాటలాడెననియు ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఫిలిప్పీ పట్టణపు చెరసాల మనకు జ్ఞాపకము రాకమానదు. ఇక్కడ భూకంపము రాలేదు. ఆ పోలీసులమీద డిసెంబరులో విచారణ జరిగెను. తెల్లవారే కూర్చున్న జూరీ వారిని నిర్దోషులని విడిచెను.

ఇప్పుడు పార్టీ సంగతికి వత్తము. అమెరికాలో ప్రెసిడెంటు పదవికి పార్టీ తరపున ఎవరు నిలువవలెనో నాలుగేండ్లకొకమారు జరుగు మహాసభ తీర్మానించును. ఆ సభకు ప్రతి రాష్ట్రము ప్రతినిధులను పంపును. ఆ దినములలో కొన్ని రాష్ట్రములలో ముందుగా ప్రాథమిక ఎన్నిక జరిపి వోట్లను బట్టి ప్రతినిధులను నిర్ణయించెడివారు. మిస్సిసిపీ వంటి చోట్ల మొదట పేట సభ, దానిపై కౌంటీ సభ, దానిపై రాష్ట్ర సభ, ఇట్లు మెట్లు మెట్లుగా ఎన్నుకొనెడివారు. మన సంఘములు అసోసియేషను సాంవత్సరిక సభకు ప్రతినిధులను పంపునట్లే ఇదియు. ప్రతినిధి వెంట సంఘపు పత్రము తెచ్చును. ఒకే సంఘము పేరట రెండు గుంపులు రెండు పత్రములు తెచ్చినయెడల ఎవరిని కూర్చుండబెట్టవలెనని తగవు పుట్టును. అట్టి తగవు తీర్చుటకు పార్టీ మహాసభకు అర్హతల కమిటీ యని యొకటి కలదు.

ఇందులో మర్మమేమనగా, ఆ దినములలో దక్షిణ రాష్ట్రములలో డెమోక్రాటిక్ పార్టీ ఒక్కటే బలమైనది. దాని ప్రాథమిక ఎన్నికలో గెలిచినవాడే అసలు ఎన్నికలో గెలుచును. గనుక పార్టీ ద్వారము మూసినయెడల వోటు చేతనున్నను అది చెల్లని కాసు. పార్టీ మా సొంత సంఘము, మా యిష్టము వచ్చినవారినే చేర్చుకొందుమని కొన్ని రాష్ట్రములవారు చాలకాలము వాదించిరి. అట్టి నియమము చెల్లదని 1944లో టెక్సాసు వ్యాజ్యెమందు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నియమము పోయెను గాని తలుపు తెరువబడలేదు. 1960 లెక్కల ప్రకారము మిస్సిసిపీ జనములో నల్లజాతివారు నూటికి 42 మంది. వోటు నమోదైన నల్లజాతివారు మాత్రము, అర్హులైన వారిలో, 1964లో నూటికి ఏడుగురికి లోపే.

1964 ఏప్రిల్ 26న జాక్సన్ నగరమందు మిస్సిసిపీ స్వాతంత్ర్య డెమోక్రాటిక్ పార్టీ యని యొకటి స్థాపింపబడెను. వీరు అతి జాగ్రత్తగా పనిచేసిరి. మొదట పాత పార్టీ నియమముల ప్రకారమే జూన్ నెలలో పేట సభలకు వెళ్లిరి. కొన్ని చోట్ల సభా స్థలమునకు తాళము వేసియుండెను. కొన్ని చోట్ల సభ వేరొకచోట జరుగుచుండెను. కొన్ని చోట్ల లోపలికి రానిచ్చియు వోటు వేయనీయలేదు. ఏ ఊరిలో ఏమి జరిగెనో అంతయు వ్రాసి దాచిరి. తరువాత అందరికి తెరచిన సభలు తామే జరిపి, పేట మొదలు రాష్ట్రము వరకు అవే మెట్లు ఎక్కిరి. ఆగస్టు 6న జాక్సన్‌లో సుమారు 2,500 మంది కూడి 68 మంది ప్రతినిధులను, మారు ప్రతినిధులను ఎన్నుకొనిరి. వారిలో నలుగురు తెల్లవారు. నాయకుడు మందుల దుకాణదారుడైన ఏరన్ హెన్రీ. ఉపనాయకురాలు ఫ్యానీ లూ హేమర్. టూగలూ కళాశాల చాప్లెను, మెథడిస్టు బోధకుడైన ఎడ్ కింగ్ అను తెల్లజాతివాడును వారితోనుండెను. ఆ వేసవిలోనే వోటు పనికి వచ్చిన ముగ్గురు యువకులు చంపబడిరి. రాష్ట్ర సభకు రెండు దినములు ముందుగానే వారి శవములు ఒక మట్టికట్ట క్రింద దొరికెను. బస్సులెక్కి అట్లాంటిక్ సిటీకి బయలుదేరిన ఆ 68 మంది ఏమి లక్ష్యపెట్టక బయలుదేరిరో దీనివలన తెలియును.

ఆగస్టు 22, శనివారము, అర్హతల కమిటీ యెదుట విచారణ జరిగెను. లాయరు జోసెఫ్ రౌ లెక్క వేసియుండెను: కమిటీలో 108 మంది కలరు, వారిలో 11 మంది వేరుగా నివేదిక యిచ్చి, 8 రాష్ట్రములవారు పేరుపేరున వోటు అడిగినయెడల ఈ తగవు మహాసభ యంతటి యెదుటికి వచ్చును. గనుక వారికి కావలసినది 11, 8 అను రెండు అంకెలు.

ఫ్యానీ లూ కుంటుచు వచ్చి బల్లయొద్ద కూర్చుండెను. చేతిలో కాగితము లేదు. తన పేరు, ఊరు, చిరునామా చెప్పి, ఇండియానోలా ప్రయాణము, కామందు మాట, తుపాకి కాల్పులు, వినోనా చెరసాల వరుసగా చెప్పెను. నియమముల పుస్తకమును గూర్చి లాయరులు చెప్పిరి; ఆ నియమములు ఒక మనిషి వీపుమీద ఎట్లు వ్రాయబడినవో ఆమె చెప్పెను. ఈ ప్రతినిధులను కూర్చుండబెట్టనియెడల తన దేశమును గూర్చి తాను సందేహింపవలసియున్నదని ముగించెను. సుమారు ఎనిమిది నిమిషములు. కన్నీరు తుడుచుకొనినవారు అనేకులు.

ప్రెసిడెంటు జాన్సన్ ఆ మాటలు ప్రజలు వినకుండునట్లు, అదే సమయమున పత్రికా విలేఖరులను హఠాత్తుగా పిలిపించెను. టెలివిజనువారు అటు తిరిగిరి. గాని ఆ రాత్రి వార్తలలో ఆమె సాక్ష్యమును మరల చూపిరి. పగలు వినువారికంటె రాత్రి వినువారెక్కువ. తంతులు గుట్టలుగా వచ్చెను. జాన్సన్ కేవలము దుర్మార్గుడని పాఠకులు తలంపరాదు. పౌరహక్కుల చట్టముమీద ఆ జూలైలోనే సంతకము చేసినవాడు ఆయనయే. ఈ నల్లజాతి ప్రతినిధులను కూర్చుండబెట్టినయెడల దక్షిణ రాష్ట్రములన్నియు లేచిపోవునని ఆయన భయము. గనుక ఉపాధ్యక్ష పదవి ఆశించుచున్న హ్యూబర్ట్ హంఫ్రీకి ఈ తగవు సర్దుబాటు చేయు పని అప్పగించెను. పని చెడినచో పదవి రాదు. ఫ్యానీ లూ హంఫ్రీని కలిసి, న్యాయము చేయుటవలన ఆ పదవి పోయినను దేవుడు చూచుకొనునని చెప్పి, ఆయన కొరకు ప్రార్థింతుననెను. తరువాతి మాటలకు ఆమెను పిలువలేదు.

కమిటీలోని స్నేహితులు ఒక్కొక్కరే జారిపోయిరి. ఒకరికి ఉద్యోగము, మరియొకరికి బంధువు పదవి పోవునని సూచనలు వచ్చెను. 11 అను అంకె నిలువలేదు.

అప్పుడు ఒక రాజీ తెచ్చిరి. పాత ప్రతినిధులు పార్టీకి విధేయులమని ప్రమాణము చేసి కూర్చుండవచ్చును. కొత్తవారిలో ఇద్దరికి, హెన్రీకిని ఎడ్ కింగ్‌కును, ఏ రాష్ట్రము పేరు లేని రెండు స్థానములు ఇత్తురు. తక్కినవారు అతిథులు. 1968 మొదలు ఏ రాష్ట్రపు ప్రతినిధి వర్గములోను జాతిభేదము చూపరాదు. 25వ తేదీన మహాసభ దీనిని కేకవోటుతో ఆమోదించెను.

ఈ రాజీని తీసికొందుమా వద్దా యని మరునాడు అట్లాంటిక్ సిటీలోని ఒక బాప్తిస్టు గుడిలో వారు కూడుకొనిరి. మార్టిన్ లూథర్ కింగ్, బేయర్డ్ రస్టిన్ మొదలగు పెద్దలు దీనిని తీసికొనుట మంచిదను పక్షము పలికిరి. వారిది పిరికితనము కాదు. చేతికందిన దానిని పట్టుకొని, నాలుగేండ్ల తరువాత మిగిలినది పొందుదమనుట లోకజ్ఞానము గల మాటయే; హెన్రీ మనస్సును కొంత అటే మొగ్గెను. గాని ఫ్యానీ లూ, విక్టోరియా గ్రే, ఆనీ డివైన్ అను స్త్రీలు వద్దనిరి. అందరును అలసియుండగా రెండు కుర్చీల కొరకు అంత దూరము రాలేదని ఫ్యానీ లూ భావము. 68 మందిలో అత్యధికులు ఆమెతో ఏకీభవించిరి.

దీనిని మొండితనమని కొందరు వ్రాసిరి. నా మట్టుకు నాకు ఆమె పక్షమే సరియని తోచును, కారణము చెప్పెదను. ఇచ్చినవి రెండు కుర్చీలేయని కాదు ఇబ్బంది. ఆ యిద్దరు ఎవరో ఇచ్చినవారే నిర్ణయించిరి. పేట సభనుండి మెట్టు మెట్టుగా ప్రాణములకు తెగించి ఎన్నుకొనిన ప్రతినిధులను ప్రక్కకు నెట్టి, పైవారు తమకు నచ్చిన పేర్లు రెండు పలికిరి. ఆ రెండు కుర్చీలకు మిస్సిసిపీ అను పేరుకూడ లేదు. దీనిని అంగీకరించినయెడల తమ ప్రతినిధిని తాము ఎన్నుకొను హక్కే తమకు లేదని తామే సంతకము చేసినట్లగును. ఒక సంఘము డీకనును ఎన్నుకొని పంపగా, సభవారు అతనిని బయట నిలిపి, ఆ సంఘములో మరియొకనిని తామే పిలిచి కూర్చుండబెట్టినయెడల ఆ సంఘమునకు మర్యాద జరిగినట్లా? పాత ప్రతినిధులలోనైనను ముగ్గురు నలుగురు తప్ప ఎవరును ప్రమాణము చేయలేదు, లేచి వెళ్లిపోయిరి. ఎవరి కొరకు ఇంత సర్దుబాటు జరిగెనో వారే దానిని కాలదన్నిరి. ఆ నవంబరులో మిస్సిసిపీ రాష్ట్రము నూటికి 87 వోట్లు జాన్సన్‌కు వ్యతిరేకముగా వేసెను.

ఖాళీయైన ఆ కుర్చీలలో కూర్చుండుటకు, ఇతర రాష్ట్రముల స్నేహితులయొద్ద బిళ్లలు అడిగి తెచ్చుకొని, కొత్తవారు లోపలికి వెళ్లిరి. మరునాడు వచ్చి చూడగా కుర్చీలే లేవు, తీసివేసిరి. వారు ఆ ఖాళీ స్థలములో నిలువబడిరి.

1965 జనవరిలో ఆమె, విక్టోరియా గ్రే, ఆనీ డివైన్ వాషింగ్టనుకు పోయి, మిస్సిసిపీనుండి ఎన్నికైన కాంగ్రెసు సభ్యులను కూర్చుండనీయరాదని ఆక్షేపించిరి. 276 మంది ఆ సభ్యుల పక్షముగాను 149 మంది వ్యతిరేకముగాను వోటు వేసిరి. ఓడినను 149 మంది లేచి నిలుతురని ఎవరును అనుకొనలేదు. అదే సంవత్సరము ఆగస్టు 6న వోటు హక్కుల చట్టము వచ్చెను. అర్థము చెప్పు పరీక్షలు పోయెను.

1968లో చికాగోలో మహాసభ జరిగినప్పుడు, నాలుగేండ్ల క్రిందటి రాజీలోని ఆ కడవరి షరతు ఫలించెను. ఆమె త్రోసివేసిన రాజీలోనిదే ఆ షరతు. ఈ సంగతి దాచుట న్యాయము కాదు. పెద్దల మాటలోను కొంత సత్యము కలదు. జాతిభేదము చూపిన మిస్సిసిపీ పాత వర్గమును అర్హతల కమిటీ బయటనుంచి, నల్లవారును తెల్లవారును కలిసిన కొత్త వర్గమును కూర్చుండబెట్టెను. ఫ్యానీ లూ తన స్థానమునకు నడచి వచ్చుచుండగా సభ లేచి చప్పట్లు కొట్టెను. ఆమెకు మాత్రము పూర్తి తృప్తి కలుగలేదు. ఆ కొత్త వర్గములో చదువుకొనినవారు, కలిగినవారు ముందుకు వచ్చి, పత్తి తీయు పేదలు వెనుకబడిరని ఆమె బాహాటముగానే చెప్పెను.

మరుసటి యేడు పార్టీ ప్రతినిధుల ఎన్నికకు కొత్త నియమములు వ్రాయుటకు ఒక కమిషను వేసిరి. సభలు ముందుగా చాటింపవలెననియు, స్త్రీలకు యువకులకు అల్పసంఖ్యాకులకు తగిన పాలు కలుగవలెననియు నిర్ణయించిరి. అనేక రాష్ట్రములు ప్రాథమిక ఎన్నికలకు మరలెను. 1972లో చికాగో మేయరు డేలీ పంపిన 59 మంది ప్రతినిధులే ఈ నియమముల ప్రకారము లేచిపోవలసి వచ్చెను. అదే సభలో కాలిఫోర్నియాకు చెందిన 271 స్థానములమీద తగవు పుట్టెను. గెలిచినవానికే అన్నియు అను ఆ రాష్ట్ర నియమమును, ఓడినవారు ఎన్నిక ముగిసిన తరువాత ఆక్షేపించిరి. అర్హతల కమిటీ 151 స్థానములు తీసివేయగా మహాసభ తిరిగి యిచ్చెను. అన్యాయము పొందినవారు నియమమును ప్రశ్నించుట ఒకటి, ఆట ముగిసిన తరువాత ఓడినవారు గీతలు జరుపజూచుట మరియొకటి. రెండును ఒకే కమిటీ యెదుటికి, ఒకే భాషలో వచ్చును. వినువారికి వివేచన కావలెను. ఫ్యానీ లూ ఆ 1972 మహాసభలోను ప్రతినిధిగా నుండెను.

ఇంటివద్ద ఆమె శ్రమ తగ్గలేదు. 1967లో పెంపుడు కుమార్తె డారతీ జబ్బుపడగా సమీపపు ఆస్పత్రిలో చికిత్స దొరకక, దూరమందున్న మెంఫిస్‌కు తీసికొనిపోవలసి వచ్చెను. ఆ బిడ్డ బ్రదుకలేదు. ఆమె యిద్దరు పసిపిల్లలను ఫ్యానీ లూ దంపతులే పెంచిరి. వోటు వచ్చినను కడుపు నిండలేదని చూచి, 1969లో 40 ఎకరములతో స్వాతంత్ర్య సేద్య సహకార సంఘము నారంభించెను. పందుల బ్యాంకు అని మరియొకటి పెట్టెను. పేద కుటుంబమునకు ఒక ఆడపందిని ఇత్తురు. అది ఈనిన పిల్లలలో కొన్నిటిని ఆ కుటుంబము బ్యాంకుకు తిరిగి యియ్యవలెను, అవి మరియొక యింటికి పోవును. ఆ భూమి కొంతకాలము పెరిగి, అప్పులవలనను చెడు పంటలవలనను ఆమె చివరి దినములలో చేజారెను.

ఆమె ప్రసంగములలో లూకా సువార్త 4వ అధ్యాయము, బీదలకు సువార్త ప్రకటించు ఆ భాగము, తరచుగా వచ్చెడిది. దెబ్బతిన్న దేహములో కాన్సరు వ్యాధియు చేరి, 1977 మార్చి 14న మౌండ్ బేయూ ఆస్పత్రిలో 59వ యేట ఆమె నిద్రించెను. 2025 జనవరి 4న ప్రెసిడెంటు బైడెన్ ఆమె పేరట దేశపు అత్యున్నత పౌర పతకమును ప్రకటించెను.

సమాధి ఆరాధన విలియమ్స్ చాపెల్‌లోనే జరిగెను. 1962లో ఆమె చేయి యెత్తినది ఆ గుడిలోనే. స్థలము చాలక జనము బయట నిలిచిరి. ఆమెను రూల్‌విల్‌లో ఆ సేద్య సంఘపు భూమిలో పాతిపెట్టిరి. 1992లో పెరీ హేమర్ చనిపోగా ఆయనను కూడ ఆమె ప్రక్కనే ఉంచిరి.